మార్చని కాగితాలు

ఎండలు పెరిగితే కొండల మీద మొక్కలు పైకి పాకుతాయని నాకు చెప్పింది మా సయామ. సయామ అంటే టీచరమ్మ. బర్మాలో, యాంగోన్‌లో మొక్కల్ని ఎండబెట్టి దాచే ఒక గదిలో నేను ఆవిడ కింద పనికి చేరాను. ఉత్తరాన మంచుకొండల మీద కొన్ని రాళ్ళకి ఎర్రరంగు పూసి ఉంచారు. ఏటా అవే రోజుల్లో ఒకాయన ఆ రాళ్ళ దగ్గరికి ఎక్కి, చుట్టూ పెరిగినవాటిని ఒక్కొక్కటి చొప్పున తెచ్చేవారు. నిరుడు కింది రాయి దగ్గర కనిపించిన మొక్క ఈ ఏడు పై రాయి దగ్గర కనిపించిందంటే, కొండ మీద చలి తగ్గిందన్నమాట.

ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు వేటాడేవారట. ఇక్కడ పెద్దవాళ్ళని అందరం పిలిచినట్టే నేనూ ఆయన్ని "ఊలే" అనేదాన్ని, బాబాయ్ అన్నట్టు. ఆయన నన్ను "తమీ" అనేవారు, అమ్మాయీ అన్నట్టు.

ఆ ఏడు వానలు ఇంకా వెనకబట్టకముందే వచ్చారు. మింగళాడోన్ ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్ళాను. ప్లాస్టిక్ గుడ్డలో చుట్టిన రెండు మూటల్ని గుండెకి ఆనించుకుని బయటికొచ్చారు. టాక్సీ డిక్కీలో పెడతానంటే ఇవ్వలేదు. దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

"పై రాయి దగ్గర ఈసారి తొమ్మిది రోజులు కూర్చున్నాను తమీ. మబ్బు వదిలితేనా!" అన్నారు. ఎడంచేతి రెండు వేళ్ళు చలికి నల్లబడి, తోలు ఊడుతోంది.

గదికొచ్చి ఊలే, నేను మూటలు విప్పాం. వాళ్ళ ఊరి బడిపిల్లల పాత నోటుపుస్తకాల కాగితాల మధ్య మొక్కలు పరిచి ఉన్నాయి. సగం ఆరాయి. ఒక్కటీ నలగలేదు. సయామ ఆ సాయంత్రమే మాండలే వెళ్తూ నాతో గట్టిగా చెప్పింది. "బల్బుల పెట్టెలో ఆరబెట్టు. కరెంటు పోతే మాత్రం పూటపూటకీ కాగితాలు మార్చాలి. ఒక్కరోజు కూడా వదలొద్దు."

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నారు. ఒక మూటలో పది మొక్కలకి కాగితాలు మార్చాను. ఫ్యాను లేదు, చెమట కారి కాగితం మీద పడుతోంది. చేతులనిండా న్యూస్‌పేపరు సిరా. మిగతావి రేపు వచ్చి చేద్దామనుకుని బస్సెక్కి తామ్వేలో మా ఇంటికి వెళ్ళిపోయాను.

శనివారం పిన్ని కూతురు చీరలు కొనుక్కోవాలంది. "నాకు పనుందమ్మా" అన్నాను, అన్నానంటే అన్నాను.

"రెండ్రోజులకి ఏటవుద్దే? ఎండిపోయిన ఆకులే గదా!" అంది అమ్మ.

ఇందులో అమ్మ తప్పేం లేదు. ఆ ఆకులేమిటో నేను ఎప్పుడైనా చెబితే కదా ఆవిడకి తెలియడానికి. బజారుకి వెళ్ళాను. ఆదివారం ఊరికే పడుకున్నాను. సోమవారం జ్వరమని మెసేజ్ పెట్టాను. జ్వరం లేదు. తలుపు తియ్యడానికి భయం వేసింది, అంతే.

మంగళవారం తీశాను. వాసన గుమ్మంలోనే కొట్టింది. నేను మార్చిన పదీ బాగున్నాయి. మిగతావన్నీ బూడిదరంగు బూజు. నీలం పువ్వులు నల్లటి ముద్దలై కాగితానికి అంటుకుపోయాయి.

మర్నాడు సయామ వచ్చింది. తిరుగు విమానం కోసం బోటాటౌంగ్‌లో ఒక సత్రంలో ఉన్న ఊలేని కూడా పిలిపించింది.

"ఏమైంది?" అని నన్ను అడిగింది.

"వచ్చేటప్పటికే తడిగా ఉన్నాయి సయామ."

కంగారులో నోరు జారిందని చెప్పుకోవచ్చు. కానీ పొద్దున బస్సులో ఆ మాట రెండుసార్లు నాలో నేను అనుకుని చూసుకున్నాను.

ఊలే వంగి ఒక కాగితం అంచు పట్టుకుని ఎత్తారు. పిల్లలు చేసిన కూడికలు, తీసివేతలు. తను పెట్టిన కాగితం తను పెట్టినట్టే ఉంది. ఆయన నావైపు చూశారు. తర్వాత నేలకేసి చూశారు.

"వాగు దాటేటప్పుడు తడిశాయా?" అని అడిగింది సయామ.

"తడిసి ఉండొచ్చు," అన్నారాయన.

తర్వాతి ఏడు ఆయన్ని పిలవలేదు. వేరే మనిషిని పంపితే, పై రాయి దాకా ఎక్కలేక తిరిగొచ్చాడు. ఆ తర్వాత అటువైపు పోరాటాలు మొదలై దారులు మూసుకుపోయాయి. ఇక ఎవరూ వెళ్ళలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. ఊలే నన్ను కూతురిలా అనుకుని కాపాడారని. ఆ కథతో బాగానే నిద్రపట్టేది. కిందటి వానాకాలంలో సయామ ఒక రిపోర్టులో ఆ మొక్కలు దారిలోనే తడిసి పాడయ్యాయని రాస్తూ, "మనిషి మంచివాడే, జాగ్రత్త లేదు" అంది. అప్పుడు చెప్పేశాను. ఆవిడ చాలాసేపు పెన్ను మూత పెట్టడం, తియ్యడం చేసింది.

"ఇది చెప్పాల్సింది నాకు కాదు," అని నంబరిచ్చింది.

నాలుగు రోజులకి ఫోను కలిసింది.

"ఊలే, ఆ కాగితాలు నేను మార్చలేదు."

"తెలుసు. మా పిల్లల చేతిరాత నాకు తెలీదా?"

"మరి నన్ను కాపాడాలనేనా అప్పుడు చెప్పలేదు?"

ఆయన చిన్నగా నవ్వారు. "అదేం లేదు తమీ. నువ్వు ఆ గదిలో మనిషివి. నేను కొండ దిగొచ్చినవాణ్ణి. చెబితే ఎవరు నమ్ముతారు? కోపం మాత్రం వచ్చింది. చాలారోజులు ఉంది."

క్షమించమని అడిగాను. "సరే," అన్నారు. తర్వాత అడిగారు. "పై రాయివి ఏమైనా మిగిలాయా?"

"లేదు ఊలే. మిగిలిన పదీ కింది రాయివే."

అటువైపు గాలి మోతగా ఉంది. ఆయన గొంతు పెంచారు.

"ఆ ఏడు పై రాయి దగ్గర, దిండులా గుండ్రంగా పెరుగుతుందే, ఆ మొక్క ఒక్కటీ లేదు. దాని చోట కింది గడ్డి వచ్చేసింది. ఆ గడ్డే తెచ్చాను. రాసుకో."

రాసుకున్నాను. తీసుకెళ్ళి సయామకి చూపించాను. మొక్క లేకుండా ఒట్టి మాట లెక్కలోకి రాదంది. కాగితం మాత్రం ఫైల్లో పెట్టింది. రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి, తప్పు మా గదిదేనని రాసింది.

ఆ తర్వాత ఊలేకి రెండుసార్లు ఫోన్ చేశాను. రింగవుతోంది. ఎత్తలేదు.