కల్పన కంప్యూటర్లో కొమురయ్య చేతులు

సూర్యాపేట కొత్త బస్టాండు వెనక సందులో ఫ్లెక్సీలు, పెళ్ళిపత్రికలు డిజైన్ చేసే కల్పన మొండిమనిషి అని కొందరు అంటారు. పనిమంతురాలని మరికొందరు అంటారు. రెండు మాటలకూ తగిన సాక్ష్యం ఉంది కనుక రెంటినీ అంగీకరించడమే న్యాయం.

ఆమె పుట్టింది నడిగూడెంలో. పని నేర్చుకున్నది ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడలోని ఒక డీటీపీ సెంటర్లో. అందుకే ఆమె మాటలో నేటికీ కొంత ఆంధ్ర పోకడ వినిపిస్తుంది. పెళ్ళయి సూర్యాపేట వచ్చాక సొంత దుకాణం పెట్టింది. దానికోసం తెచ్చుకున్న కంప్యూటరు మిర్యాలగూడ రైసుమిల్లు ఆఫీసు ఒకటి వాడి వదిలేసినది. మూత విప్పితే లోపల తవుడు పేరుకొని ఉంది. ఒక ఫొటో తెరవమంటే అది తెరిచేలోగా గిరాకీకి వచ్చినవాడు చాయ్ తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, ఎదురు దుకాణంలో రేటు కూడా కనుక్కొని వచ్చేవాడు.

కొత్త కంప్యూటరు కొనమని అందరూ చెప్పారు. కల్పన వినలేదు. పాత మిషన్లకు సరిపడే లినక్స్ అనే తేలికపాటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించింది. అందులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌ను, దర్జీ తన కుట్టుమిషన్‌ను సర్దుకున్నట్టు, తన చేతికి తగినట్టు సవరించుకుంది. విండోల నీడలు, కదలికలు, మెరుపులు అన్నీ తీసేసింది. అడుగున ఉండే పట్టీని ఎడమపక్కకు నిలబెట్టి తెర ఎత్తును కాపాడుకుంది. చుట్టూ రంగులుంటే కన్ను మోసపోతుందని నేపథ్యం మొత్తం బూడిదరంగు చేసింది. పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు, ఎన్నికలకు, శ్రద్ధాంజలులకు వేరువేరు వర్క్‌స్పేసులు, అంటే విడివిడి తెరలు, పెట్టుకుంది. పుట్టినరోజు మనిషి ఫొటోకు పొరపాటున దండ పడితే ఏం జరుగుతుందో కోదాడలో ఉండగా ఆమె కళ్ళారా చూసింది.

మన దగ్గర ఫ్లెక్సీ చేయించుకునేవాడు ఫొటో ఇచ్చి వెళ్ళిపోడు. డిజైనరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరి తల ఎంత పెద్దగా ఉండాలో దగ్గరుండి చెప్తాడు. అలా మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం వచ్చి కూర్చున్న వీరమ్మ ఆ బూడిదరంగు తెరను చూసి నిట్టూర్చింది.

"ఇదేంది బిడ్డా, మాడిన పెనం లెక్కున్నది. కరెంటు పోయిందా?"

"పోలేదు పెద్దమ్మా. నీ మనవరాలు తెల్లగా కనపడాలనే ఇలా పెట్టాను."

"అయితే ఇంకింత మాడగొట్టు" అన్నది వీరమ్మ.

ఈ సవరణలలో కల్పనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. టెంప్లేట్స్ అనే ఫోల్డర్లో ఏ ఫైలు పెడితే, డెస్క్‌టాప్ మీద మౌస్ కుడిబటన్ నొక్కినప్పుడు వచ్చే మెనూలో దాని పేరు కనబడుతుంది. ఎంచుకున్న క్షణంలో దాని నకలు సిద్ధమవుతుంది. చిక్కు ఇక్కడే మొదలైంది. దోషం మాత్రం లినక్స్‌ది కాదు.

సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. చివ్వెంల దగ్గరి ఒక ఊరిలో గొర్రెలు కాసుకునే కొమురయ్య పోటీకి దిగాడు. తెల్లచొక్కా వేసుకొచ్చి, దుకాణంలోనే రెండు చేతులు జోడించి ఫొటో దిగాడు. అంత నిండైన నమస్కారం కల్పన ఎన్నడూ చూడలేదు. ఫ్లెక్సీ పూర్తయ్యాక కొమురయ్య తలను తీసేసి, మిగిలిన మనిషిని 'నమస్కారం' అనే పేరుతో టెంప్లేట్స్‌లో దాచుకుంది.

ఆ తరువాత ఎవరు ఉత్త పాస్‌పోర్టు ఫొటో తెచ్చినా వారి తల వెళ్ళి కొమురయ్య మెడ మీద కూర్చున్నది. మెడ రంగు కలపడంలో కల్పనకు మంచి నేర్పు ఉంది. యువజన సంఘం పవన్ పుట్టినరోజుకు, చర్చి కార్యదర్శి జీవన్ క్రిస్మస్ శుభాకాంక్షలకు కొమురయ్య ఛాతీయే పనికొచ్చింది. వారెవరూ అభ్యంతరం చెప్పలేదు. చివరికి కొమురయ్య మీద పోటీ చేస్తున్న, వరసకు బావ అయిన తిరుపతయ్య కూడా ఒక పాస్‌పోర్టు ఫొటో తెచ్చాడు. కల్పన కుడిబటన్ నొక్కింది.

మా కాలనీ సంఘం బోర్డు ప్రూఫు చూడటానికి నేను దుకాణంలో కూర్చుని ఉండగా ప్రత్యర్థులిద్దరూ ఒకే బైకు మీద వచ్చి దిగారు.

"బిడ్డా, ఈయన ఫ్లెక్సీ జర తెరువు" అన్నాడు కొమురయ్య.

"ఒకరిది ఇంకొకరికి చూపించను బాబాయ్. అది మా పద్ధతి."

"నువ్వు సూపెట్టేదేంది? బస్టాపు కాడ కట్టిండు, ఊరంత సూసింది. తెరువు."

కల్పన తెరిచింది.

"గా చేతులు జర మంచిగ సూడు."

"చేతులకేమైంది? రెండున్నయి కద" అన్నాడు తిరుపతయ్య.

"చేతులు గాదు బావా, చిటికెనేలు సూడు. గడ్డి కోసే మిషన్ల పోయిన నీ ఏలు ఫ్లెక్సీల మళ్ళ మొలిసిందా? ఊర్ల పోరగాండ్లు సుత నవ్వుతున్నరు."

తిరుపతయ్య కుడిచేతిని మెల్లగా జేబులోకి తోసుకున్నాడు. కొమురయ్య నావైపు తిరిగాడు.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. మీరే చెప్పున్రి. గవి నా చేతులు. నా చేతులు వెట్టుకొని నా మీదనే ఓట్లడుగుతుండు!"

ఆరోపణ చేసినవాడి మాటతోనే తీర్పు చెప్పరాదు. రెండు ఫ్లెక్సీలను పక్కపక్కన పెట్టించి పెద్దవి చేయించాను. రెండింటిలోనూ బొటనవేలి గోటిమీద ఒకే నల్లటి దెబ్బమచ్చ ఉంది. చొక్కా రెండో గుండీ నుంచి ఒకే దారం వేలాడుతోంది. చేతులు కొమురయ్యవేనని చెప్పక తప్పలేదు.

"తప్పు నాదే సార్" అన్నది కల్పన. "మెనూలో ఉంది కదా అని పెట్టేశాను. అడగలేదు."

"నా కరపత్రాలు కోదాడల ఏయించుకుంట" అన్నాడు కొమురయ్య.

"నేను మిర్యాలగూడ పోత. ఇజ్జత్ ఖతం జేసినవ్" అన్నాడు తిరుపతయ్య.

ఈ ఎన్నికల పని నిలబడితేనే కల్పన దుకాణం నిలబడుతుంది. ఒకరి ఒంటిని మరొకరికి అమ్ముతున్నదన్న మాట మండలంలో పాకితే, తలుపులు మూసి మళ్ళీ కోదాడ సెంటర్లో జీతానికి కూర్చోవలసిందే.

ఆమె బతిమాలలేదు. అందరూ చూస్తుండగా 'నమస్కారం' ఫైలును, తిరుపతయ్య ఫ్లెక్సీని తొలగించింది. ట్యూబులైటు కింద స్టూలు వేసింది.

"తిరుపతి బాబాయ్, కూర్చో. నీ చేతులు నీకే పెడతాను."

"ఏలు లేని చేతులతోని దండం వెడితే ఊరు నవ్వదా?"

"లేని వేలు ఉందని చూపించాం కాబట్టే నవ్వింది."

తిరుపతయ్య జేబులోంచి చెయ్యి తీసి జోడించాడు. కల్పన ఫొటో తీసి, ఆ బూడిదరంగు తెర మీద ఎదురుగా పెట్టింది. కాయలు కాచిన అరచేతులు, ఒకవైపు చిటికెనవేలి చోట ఖాళీ.

కొమురయ్య తెర దగ్గరికి వంగి చూశాడు. గొంతులో కొత్త భయం ఉంది.

"ఆగు బిడ్డా. గిది సూస్తే ఓటెయ్యనోడు ఎవడుంటడు? నాకే ఏద్దామనిపిస్తుంది."

"మరేం చేయమంటావు బాబాయ్?"

"పాతదే ఉండనియ్యి. నా చేతులు నేనే ఇస్తున్న, వాడుకోమను. ఏమనుకోను."

"ఒద్దు బావా" అన్నాడు తిరుపతయ్య, ఈసారి చెయ్యి దాచుకోకుండా. "పరాయోని చేతులు నాకెందుకు?"

"కంప్యూటర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశాను" అన్నది కల్పన.

కొమురయ్య తెర మీదే ఉన్న తన ఫ్లెక్సీ వంక చూసుకున్నాడు. అందులో నున్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాడు. కోదాడ ప్రయాణం సంగతి మరిచిపోయాడు.

"అయితే నాకు సుత ఇంకొకటి దియ్యి. జర కష్టపడ్డట్టు కనవడాలె."

స్టూలెక్కి కూర్చుని కష్టపడిన ముఖం పెట్టడానికి ప్రయత్నించాడు. అది కడుపునొప్పిగా కనబడుతున్నదని నేను నిష్పక్షపాతంగా చెప్పాను. తిరుపతయ్య ముందుకు వంగి బావ చొక్కా కాలరు నలిపాడు.

"మొఖం ఒదులు జెయ్యి బావా. గొర్రె తప్పిపోయిందనుకో."

"ఆఁ, అదీ! అలాగే ఉండు బాబాయ్, కదలకు" అన్నది కల్పన.