కోతలు లేని పొలాలు

తూర్పు సముద్రపు దీవుల్లో, కేదిరి ఊళ్లో నాటకం తెరను కెలిర్ అంటారు. ఒకప్పుడు అది తోలుబొమ్మల నీడలు ఆడే తెల్లగుడ్డ పేరు. మనుషులే వేషాలు కట్టి ఆడే నాటకాలు వచ్చాక, వెనకాల కొండలూ పొలాలూ వేసి దించే గుడ్డకూ ఆ పాత పేరే నిలిచింది. కర్సిమిన్ బతుకంతా అలాంటి తెరలకు బొమ్మలు వెయ్యడంతోనే గడిచింది.

రేవుపట్నంలో పుట్టినవాడు, వరిమడిలో కాలు పెట్టి ఎరగడు. కోతల తెర మీద ఒక ఆడమనిషి చేతికి కొడవలి ఇచ్చాడు. అది చూసి, రైతుబిడ్డ అయిన అతని భార్య లెగియెమ్ పకపకా నవ్వింది.

"ఇదేం కోతయ్యా! కొడవలి గడ్డికి. వరికైతే అరచేతిలో దాగే చిన్నకత్తి. బయటికి కనిపిస్తే వరితల్లి జడుసుకోదూ?"

"దాచేస్తే వెనక కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందే?" అన్నాడు.

ఆ కొడవలిని ఎవరూ పట్టించుకోలేదు, పంతొమ్మిది వందల అరవై అయిదు చివరిదాకా. అప్పుడు దేశం తలకిందులైంది. కొడవలి గుర్తు పార్టీవాళ్లను సైనికులూ, వాళ్లకు తోడైన కుర్రాళ్ల దళాలూ వెతికి వెతికి పట్టుకుపోతున్నారు. పక్కఊరి నాటకం వాళ్లను లారీ ఎక్కించారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఏటి చేపలు కొనడం జనం మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. కుర్రాళ్ల దళం ఒకటి నాటకం గుడారం సోదాకి వస్తోంది, బొమ్మలు కూడా చూస్తున్నారట. తెర తగలబెడదామంటే పొగ పట్టిస్తుంది. కొడవలిని కప్పేందుకు జిగురులో పైరు పచ్చరంగు కలిపి కర్సిమిన్ కుంచె ఎత్తితే, గీత పక్కకి పోయింది. లెగియెమ్ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఎలాగో కొడవలి మాసిపోయింది, ఉత్త పిడికిలి మిగిలింది. బయట ముసురు. రంగు ఆరలేదు.

దళనాయకుడికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. తెర ముందు ఆగిపోయాడు.

"దీని చేతిలో ఏముంది?"



"కోతకత్తి, బాబూ," అంది లెగియెమ్. "దాచే పట్టుకోవాలిగా. మీ అమ్మేమన్నా పైకెత్తి ఊపుతుందా?"

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. నాయకుడు నవ్వలేదు. ఆ పిడికిలి పక్కన వేలు పెట్టాడు. వేలికి పచ్చరంగు అంటుకుంది. వేలి వంక చూశాడు, తర్వాత కర్సిమిన్ వంక.

"తడిగా ఉందే?"

"ఈ ముసురులో ఏదారుతుంది బాబూ! మా ఆయన లుంగీ ఇంకా దండెం మీదే ఉంది."

నాయకుడు ఆ వేలిని కర్సిమిన్ చొక్కాకి, సరిగ్గా గుండె మీద, తీరిగ్గా తుడుచుకుని వెళ్లిపోయాడు. లారీ చప్పుడు సద్దుమణిగినా కర్సిమిన్ కూర్చోలేకపోయాడు.

ఆ తర్వాత ముసలితనం దాకా ఎన్నో పొలాలు వేశాడు. అన్నీ పచ్చపచ్చగా, మనిషన్నవాడు లేకుండా.

"బోసిగా ఉంది కర్సిమిన్, ఒక్క కోతమనిషినన్నా పెట్టవయ్యా," అనేవాడు నాటకం యజమాని.

"పైరు ఇంకా పండలేదండీ," అనేవాడు, గుమ్మం వైపు ఒకసారి చూసి.