సున్నపు గీత

పచ్చి సరుగుడు కట్టెకు ఒక వాసన ఉంటుంది. పులిసిన కుడితి వాసనలో కాస్త వగరు కలిపినట్టుంటుంది. పోయిన వారం ఒక ఉదయం పెరటి గుమ్మం దగ్గర ట్రాక్టరు కట్టెలు దించుతుంటే ఆ వాసన వంటింట్లోకి వచ్చింది. చేతిలో పని వదిలి బయటికి వెళ్లాను.

"బాగా ఆరిన సరుకండి మామ్మగారూ. మళ్లీ చూసుకోనక్కర్లేదండి" అన్నాడు డ్రైవరు సత్తిబాబు.

చూసుకోనక్కర్లేదని ఎవరన్నా చెబితే నేను తప్పకుండా చూస్తాను. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను. ఆరిన కట్టె ఖంగుమంటుంది. ఇవి తడిగోడను పిడికిలితో గుద్దినట్టు మొద్దుగా పలికాయి.

"మంచు పడిందండి, పైపైన చెమ్మంతే" అన్నాడు.

"మంచు నడి కట్టెలోకి దూరి కూర్చుందా బాబూ?"

తల గోక్కుని, పచ్చివేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాకే దించనిచ్చాను. పచ్చివైతే నేను ఆరబెట్టుకోగలను. ఆరినవని చెప్పి అంటగడితేనే నాకు పడదు. వంట గ్యాసు మీదకి మారినా స్నానానికి నీళ్లు మాత్రం ఇప్పటికీ పెరట్లో కట్టెల మీదే కాగుతాయి మా ఇంట్లో. ఆ కట్టెల సంగతి వేరొకరి మాట మీద వదిలిపెట్టను. ఇలా కొట్టి వినడం నాకు నేర్పింది సుభద్రమ్మ పిన్నిగారు.

నేను ఈ ఊరు కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారు లేరు. మా ఆయన తణుకు దగ్గర ఒక బియ్యం మిల్లులో గుమస్తా. పొద్దున్న సైకిలెక్కితే దీపాలవేళకు వచ్చేవారు. పుట్టింట్లో, ఉప్పాడ పక్కన, సముద్రపు గాలికి ఇసుకలో పడేసిన కట్టె దానంతటదే ఆరిపోయేది. పేర్చడమనే పని ఒకటుందని నాకు తెలియదు. ఇక్కడ మూడు పక్కలా వరిచేలు, నాలుగో పక్క కాలువ. నేల ఎప్పుడూ చెమ్మే. నేను మొదటిసారి మోపు కట్టెలు కొంటున్న రోజున పక్కింటి పిట్టగోడ మీదుగా ఒక పొడుగాటి మనిషి తొంగిచూశారు. ఆవిడే సుభద్రమ్మగారు. భర్త పోయి, పొలం కౌలుకిచ్చి, పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు.

"మోపు విప్పించేవా?" అని నన్నడిగారు.

"పైన బాగానే ఉన్నాయండి" అన్నాను.

"పైన పెళ్లికూతురి మొహవైనా బాగానే ఉంటుంది. విప్పించు."

కట్టెలమ్మే అతను నొచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం లేదాండి సుభద్రమ్మగారూ?"

"నీ మీద ఉంది నాయనా. కట్టె మీదే లేదు."

మోపు విప్పితే పైవరస ఎండు సరుగుడు. లోపల నిన్నో మొన్నో నరికిన పచ్చి మామిడి కొమ్మలు, ఆకు తొడిమలు కూడా పోలేదు. అతను మోపు నెత్తికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం అతను సందు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నారు, వెళ్లినట్టు నటించి మళ్లీ వస్తాడేమోనని.

ఆవిడ తీరే అంత. పాలు పోయించుకుంటే వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేవారు. యానాం బస్సు వేళ ఒకరు చెబితే ఇంకొకరినడిగి, ఇద్దరూ ఒకటే చెబితే ఇద్దరూ కూడబలుక్కున్నారేమోననేవారు. నేను నవ్వుకునేదాన్ని. కానీ కట్టెల పనిలో ఆ అనుమానం వల్లే ఆవిడ చేయి అంత పక్కాగా తిరిగింది. వైశాఖం ఎండల్లో కట్టెలు చీల్పించి, వసారాలో నేల మీద ముందు తాటిదూలాల ముక్కలు పరిపించేవారు, చెమ్మ ఎక్కకుండా. గోడకు ఆనించనిచ్చేవారు కాదు, చెదలు పడుతుందని. ప్రతి కట్టెకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. నరికిన మొనలన్నీ పైరగాలి వచ్చే వైపు ఒకే వరుసలో నిలబడాలి. "గాలిక్కూడా దారి చూపించాలే రాజ్యం. దాని తెలివిని నమ్ముకుంటే వానాకాలం అంతా పొగే తింటాం" అనేవారు. నా చేత పేర్పించి, ఒక కొస పట్టుకుని ఊపి, కదిలితే మొత్తం విప్పించేవారు. నేను రెండుసార్లు ఏడ్చాను. మూడోసారి కదల్లేదు.

ఆ యేడు శ్రావణంలో కాలువ రేవులో జరిగింది నేను కళ్లారా చూశాను. రేవు మెట్ల మీద అరడజను మందిమి బట్టలుతుకుతున్నాం. పిన్నిగారింట్లో పనిచేసే నాగమణి గిన్నెలు తోముతోంది. పిన్నిగారు పైమెట్టు మీద నిలబడి, అందరికీ వినబడేట్టు అడిగారు.

"వైశాఖంలో నా గడ్డందాకా పేర్చేను. ఇప్పుడు నాలుగు వేళ్లు దిగింది. పొయ్యిలోకి నేను వాడేది పాత దొంతిలోంచి. కొత్తది ముట్టుకోలేదు. మరి ఎవరింటికెళ్లేయే నాగమణీ?"

నాగమణి తలెత్తింది. "నేనెందుకు తీస్తానండి? అడిగితే మీరే ఇస్తారు కదండీ."

"అడగవనే కదా నా బాధ!"

ఎవరో కిసుక్కుమన్నారు. నాగమణి గిన్నెలన్నీ కడిగి, ఒడ్డున బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనికి రాలేదు. ఊళ్లో మరో రెండిళ్లలో కూడా ఆమెను మాన్పించారని తర్వాత విన్నాను.

మరుసటి వేసవికి నేను కడుపుతో ఉన్నాను. కాన్పు వానల్లో వస్తుందనీ, బాలింత నీళ్లకీ బిడ్డ నీళ్లకీ ఎండుకట్టె ఉండి తీరాలనీ పిన్నిగారు ముందే హెచ్చరించారు. మా పెరట్లో తడికల కొట్టులో ఆవిడే దగ్గరుండి పేర్పించారు. ఆ యేడు కొత్తగా ఒక పని కూడా చేశారు. గిన్నెలో సున్నం కలిపి, వరుసగా నిలిచిన కట్టె మొనల మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు ఏటవాలుగా ఒక గీత గీశారు. ఒక్క కట్టె లాగినా గీత విరుగుతుందట. తన దొంతికీ గీశారు.

"నాగమణి లేదు కదా పిన్నిగారూ, ఇంకా ఎవరని?"

"అది లేదు. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్లుండరా?" అని, కొట్టుకు తాళం వేయించి చెవి నా చేతికిచ్చారు. "మొలకి కట్టుకుని పుట్టింటికెళ్లు. మీ ఆయనక్కూడా ఇవ్వకు. మగాళ్లకి కట్టె విలువ తెలీదు."

నేను అలాగే చేశాను. మా ఆయన నవ్వి, మిల్లు దగ్గర మెస్సులో భోజనం కుదుర్చుకున్నారు.

భాద్రపదంలో మూడు నెలలైనా నిండని పిల్లతో తిరిగొచ్చాను. వీధి వీధంతా వచ్చి చూసింది. పిన్నిగారు రాలేదు. పిట్టగోడ అవతల చీర చెంగు కనిపించేది, పలికితే లోపలికి వెళ్లిపోయేది. రెండో రోజు నేనే పిల్లనెత్తుకుని వెళ్లాను. ఆవిడ పిల్లను చూడలేదు. నన్ను వసారాలోకి తీసుకెళ్లి దొంతి చూపించారు. సున్నపు గీత మధ్యలో మెట్లు మెట్లుగా విరిగి ఉంది. పైవరస కిందికి దిగింది.

"నువ్వూళ్లో లేవు. నాగమణి లేదు. ఈ గోడ దాటడానికి ఉన్నది ఒక్కడే" అన్నారు.

మా ఆయన గురించే అంటున్నారని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అత్తగారు లేని ఇంట్లో నాకున్న ఒక్క పెద్దదిక్కు ఆవిడ. చంటిపిల్లకు నీళ్లు పోయడం కూడా సరిగ్గా రాదు నాకు. అంతకన్నా ఘోరం, ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, వీధివాళ్లు పంపిన అన్నం, వేణ్ణీళ్లతో గడుపుతూ నేనింకా వెలిగించని మా పొయ్యిలో బూడిద కెలకడం. బూడిద కొత్తగా ఉంది.

ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. "మెస్సులో తింటే పొయ్యెందుకు వెలిగించారు?"

"స్నానానికి నీళ్లు కాచుకున్నా. కొబ్బరిడొక్కలు. ఏం?"

"డొక్కలేనా?"

ఆయన నా వైపు తిరిగారు. "కొట్టు తాళం చెవి నీ మొలకే ఉంది కదా. మన కట్టెలే నాకివ్వకుండా వెళ్లేవు, ఇంకా అనుమానమా?"

అప్పుడు తట్టింది, తాళం వెనక ఎవరూ ముట్టని నా దొంతి ఎలా ఉందో చూడాలని. మర్నాడు పొద్దున్నే కొట్టు దగ్గరికి వెళ్లాను. తాళం మీద తుప్పు లేచింది. తలుపుకీ గుంజకీ మధ్య సాలెగూడు చెక్కుచెదరలేదు. తాళం తీసి చూస్తే నా దొంతి మీద గీత కూడా విరిగి ఉంది. పిన్నిగారి గీత ఎలా విరిగిందో అలాగే. పేర్చిన రోజున పైవరస తడిక మీది అడ్డబద్దకు సరిగ్గా ఆనింది. ఇప్పుడు ఆ బద్దకీ కట్టెకీ మధ్య నా నాలుగు వేళ్లు దూరాయి.

మళ్లీ తాళం వేసి పిన్నిగారిని పిలిచాను. ఆవిడే చూస్తుండగా తీయాలని. ఆవిడ ముందు తాళం లాగి చూశారు. తడిక చుట్టూ తిరిగి, చేయి దూరుతుందేమోనని ప్రతి సందులోనూ వేళ్లు పెట్టారు. పైకప్పు తాటాకు కదిలిందేమోనని చూశారు. "చెవి మీ అమ్మగారింట్లో ఎవరికన్నా ఇచ్చేవా?" అనడిగారు. లేదన్నాను. అప్పుడు లోపలికి వచ్చి, గీత విరిగినచోట రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టారు. ఖంగుమన్నాయి. బెరడు పొడుగ్గా ఊడి చేతిలోకి వచ్చింది. కట్టె మొన మీద నిలువునా పగుళ్లు.

"ఆరి చిక్కిపోయింది" అన్నారు మెల్లగా. "లావు తగ్గితే పైది కిందికి రాదా మరి. పేర్చడం నేర్పేను కానీ..." అని ఆగిపోయారు. తర్వాత నా చేతుల్లోంచి పిల్లను అందుకున్నారు.

ఆ మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని నాగమణి ఇంటికి వెళ్లారు. నాగమణి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కూర్చోమనలేదు.

"రేవులో అందరి ముందూ అన్నారండి. ఇప్పుడు నా గుమ్మంలో చెబితే ఎవరికి తెలుస్తుందండి?" అంది.

పిన్నిగారు తలవంచి వెనక్కి తిరిగారు. దారిలో ఒక్కసారే అన్నారు. "అదన్నది నిజవే."

మర్నాడు రేవు నిండుగా ఉన్న వేళ చూసి అదే పైమెట్టు మీద నిలబడ్డారు. "నా కట్టెలు నాగమణి తియ్యలేదు. ఎవరూ తియ్యలేదు. ఆరి దిగేయి. నేనే తెలీక దాన్ని దొంగన్నాను. దాన్ని మాన్పించినవాళ్లు నా మాట మీద మాన్పించేరు. ఇప్పుడూ నా మాటే వినండి" అన్నారు. బట్టల చప్పుడు ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మిగిలిన రెండిళ్లవాళ్లు నాగమణిని మళ్లీ పిలిచారు. ఆమె వెళ్లింది. పిన్నిగారింటికి మాత్రం రాలేదు. ఎదురుపడితే పలకరించేది, అంతే. పిన్నిగారు మరో పనిమనిషిని పెట్టుకోలేదు. తన గిన్నెలు తనే రేవుకు తెచ్చి తోముకునేవారు, బతికినన్నాళ్లూ. పాలలో వేలు ముంచడమూ మానలేదు. బస్సు వేళ ఇద్దరినడగడమూ మానలేదు. అనుమానం ఆవిడ ఎముకల్లో ఉంది. నా ఎముకల్లోకీ దిగింది.

ఆ రోజు సత్తిబాబు దించిన పచ్చి కట్టెలు నాలుగు రోజులు ఎండనిచ్చి, నిన్న పేర్పించాను. కొస పట్టుకుని ఊపి చూశాను. కదల్లేదు. గిన్నెలో సున్నం కలుపుకుని మొనల మీదుగా గీత గీశాను. తర్వాత పక్క గుంజ మీద రెండు గుర్తులు పెట్టాను. ఒకటి పైవరస ఇప్పుడున్న చోట. రెండోది దానికి నాలుగు వేళ్ల కింద. మిగిలిన కట్టె దించడానికి వచ్చిన సత్తిబాబు అదంతా వింతగా చూశాడు.

"ఆ గుర్తులేంటండి మామ్మగారూ?"

"పైది నేను పేర్చింది. కిందిది ఆరాక అదే దిగేది."

"మధ్యలో తగ్గితేనండి?"

"మధ్యలో తగ్గితే ఎవర్నీ అడగను."

"ఇంకా కిందికి దిగితేనండి?"

"అప్పుడు అడుగుతాను" అన్నాను. "రేవులో కాదు, గుమ్మంలో, ఒక్కరినే పిలిచి."