జిప్సీ అంటే జనమా, తిరుగుడా?

ఎదుటివాళ్లు ఒక మాట తప్పుగా వాడితే, ఆనందబాబుగారు వాళ్ల నోట్లో చెయ్యి పెట్టి మరీ సవరించేవారు. సమయం, సందర్భం చూసేవారు కాదు.

1984లో షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో అద్దె హాల్లో నడిచే చిన్న తెలుగు చర్చి మాది. ఓ పెళ్లిలో ప్రమాణాలు జరుగుతుంటే ఈయన లేచి, "వరుడిది చీరాల కాదండీ, పేరాల" అన్నారు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి పెళ్లికూతురు నిలబడిపోయింది.

"ఈయన పరలోకానికి వెళ్తే దేవుడి తీర్పు కూడా దిద్దుతారు," అనేది భార్య విమలకుమారి.

ఆ క్రిస్మస్‌కి విమలకుమారి తనతో పనిచేసే నర్సు రోజీని పిలుచుకొచ్చింది. షికాగోలోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. మా పాస్టరు జోసఫ్ అయ్యగారు ప్రసంగంలో మంచి ఊపులో ఉన్నారు.

"మన బతుకేంటి? అపార్ట్‌మెంట్లు మారుస్తూ తిరిగే జిప్సీలం!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆనందబాబుగారి చెయ్యి లేచింది.

"అయ్యగారూ, జిప్సీ అంటే ఒక జనమా, తిరుగుడా?"

"తిరుగుడే కదండీ!"

"మరి తరాలుగా ఒకే వీధిలో ఉంటున్న జిప్సీల్ని ఏమంటారు? గ్రీన్‌కార్డ్ వచ్చేలోపు ఐదిళ్లు మారాను, నన్నేమంటారు?"

"చాదస్తం అంటారు, కూర్చోండి," అంది విమలకుమారి. ఈసారి నవ్వు రెట్టింపైంది. అయ్యగారు ప్రసంగం వదిలేసి ప్రార్థనలోకి దిగిపోయారు.

భోజనాల దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను. "పండగ పూటైనా ఊరుకోకూడదా?"

ఆయన గొంతు తగ్గించారు. "రోజీది ఆ జిప్సీ జనమే. విమల చెప్పింది. అంత ప్రసంగంలో ఆ పిల్లకి తెలిసిన మాట అదొక్కటే. అది వినపడగానే మనందరం నవ్వాం. మొహం ఎక్కడ పెట్టుకుంటుంది చెప్పు? అందుకే నవ్వేదేదో నన్ను చూసి నవ్వండని లేచాను. నాకు అలవాటేగా."

ఈలోగా సంగతి తెలిసిన అయ్యగారు రోజీ దగ్గరికి కుర్చీ లాక్కుని, "సారీ అమ్మా. మిమ్మల్ని ఏమనాలి?" అని ఇంగ్లీషులో అడిగారు.

"మేం రోమా అంటాం. మా తాత మాత్రం జిప్సీనని గర్వంగా చెప్పుకుంటాడు. ఎవర్ని వాళ్లనే అడగాలి, మీరడిగినట్టు," అని నవ్వింది రోజీ. "ఇక తిరుగుడంటారా, మా అమ్మ పక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రం కూడా చూడలేదు!"

వడ్డిస్తున్న రూతు ఆంటీ గ్లాసులో నీళ్లు పోసింది. రోజీ అందుకుని, "మా భాషలో దీన్ని పానీ అంటాం," అంది.

రూతు ఆంటీ ఎగిరి గంతేసింది. "మా గుంటూరు సాయిబులూ పానీ అనే అంటారు! అయితే నువ్వు మా గుంటూరు పిల్లవే!"

ఆనందబాబుగారు నోరు తెరిచారు. మళ్లీ దిద్దుతారనుకున్నాం. రోజీ పగలబడి నవ్వుతోంది, రూతు ఆంటీ ఆమె పళ్లెంలో ఇంకో గరిటె పలావు వేస్తోంది.

ఆయన గ్లాసు అందుకుని, నోటిదాకా వచ్చిన సవరణని నీళ్లతో పాటు మింగేశారు.