ఎడమ పక్క ఈల

యాంప్లిఫయర్ ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నాను. వాల్వుల్లోని ఎర్రటి వెలుగు సన్నగిల్లి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగాను. గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చున్న మా ఆయనకు ఇదేమీ కనబడదు. "ఇప్పుడు?" అని అడిగాను.

కళ్ళు మూసుకునే ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తాడు. "ఇంకా వస్తాండాది. సన్నగా, ఈల మాదిరి."

యాంప్లిఫయర్‌కు కరెంటు లేదు. వంటింట్లో ఫ్రిజ్ కూడా అంతకుముందే ఆపి వచ్చాను. ఫ్యాను తిరగడం లేదు. ఆ గదిలో నాకు మా ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

ఆ యాంప్లిఫయర్ మా మామ, అంటే మా ఆయన వాళ్ళ నాయన, చేసింది. పెనుకొండలో ఆయనకు రేడియోలు బాగుచేసే అంగడి ఉండేది. వాల్వులంటే గాజు గొట్టాలు, లోపల తీగ వేడెక్కి ఎర్రగా వెలుగుతుంది. అలాంటి వాల్వులతో, తన చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లతో, కుడికి ఒక భాగం ఎడమకు ఒక భాగం విడివిడిగా ఉండేలా ఆయన దాన్ని కట్టుకున్నాడు. అంగడిలో గిరాకీలు తగ్గిపోయాక కూడా సాయంత్రం పూట దాని ముందు కూర్చునేవాడని మా ఆయన చెప్పేవాడు. మామ పోయిన తర్వాత అంగడి బాడుగకిచ్చేశాం. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సామానంతా ఎవరికో ఒకరికి ఇచ్చేసి, యాంప్లిఫయర్‌నూ రెండు స్పీకర్లనూ మాత్రం మా ఆయన హిందూపురం తెచ్చుకున్నాడు. చాలా రోజులు దానికి దుప్పటి కప్పే ఉంచాడు.

మా ఆయన ఊరి బయట ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. అందుకని ఒక ఆదివారం దుప్పటి తీసి స్విచ్చు వేసినప్పుడు ఇద్దరం ఉత్సాహంగానే కూర్చున్నాం. పాటకు బదులు గుయ్యిమని ఒకటే హోరు. దాని మీద వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపటలు. పిల్లలిద్దరూ చెవులు మూసుకుని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. స్విచ్చు ఆపినా ఇలాంటివాటిలో కెపాసిటర్ల లోపల కరెంటు నిలవ ఉంటుందనీ, చెయ్యి పెడితే మనిషిని విసిరికొడుతుందనీ నేను చదువుకున్నదే. మా చిన్నోడికి ఏది చూసినా వేలు పెట్టాలి. ఆ రోజే ముగ్గుపిండి తెచ్చి యాంప్లిఫయర్ చుట్టూ నేలమీద గీత గీశాను. రోజూ ఊడ్చాక మళ్ళీ గీసేదాన్ని. పిల్లలు దానికి అమ్మ గీత అని పేరు పెట్టారు. చిన్నోడు గీత ఇవతల గొంతుక్కూర్చుని, వాల్వుల వెలుగు చూస్తూ, తాత లోపల దీపాలు పెట్టినాడా అని అడిగేవాడు. పెద్దది వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని ఉండేది. నా భయమంతా ఆ గీత లోపలే ఉండేది.

ఆయన పనినుంచి వచ్చాక సాయంత్రాలు రిపేరు చేసేవాళ్ళం. హోరుకు కారణం తొందరగానే దొరికింది. పాత ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. అవి మార్చగానే హోరు చాలావరకు తగ్గింది. చిటపటలకు వాల్వుల కాళ్ళు తుడవాల్సి వచ్చింది. ఒక్కొక్కటే ఊడదీసి, స్పిరిట్‌తో రుద్ది, మళ్ళీ గుచ్చి, పెన్సిలు వెనక భాగంతో మెల్లగా తట్టి చూసేవాళ్ళం. తట్టినప్పుడు స్పీకర్లో గణగణమంటే ఆ వాల్వు పాడైనట్టు. మామ అలాగే తట్టేవాడట. ఆ పని చేస్తున్నంతసేపూ మా ఆయన వాళ్ళ నాయన గురించి కబుర్లు చెప్పేవాడు. పెళ్ళయినప్పటినుంచి అంత మాట్లాడింది అప్పుడే. హోరు తగ్గుతున్నకొద్దీ నాకు లోపల కొంచెం దిగులుగా కూడా ఉండేది, ఈ పని అయిపోతుందే అని.

ఆ రోజుల్లోనే ఆయనకు జలుబు చేసింది. ఒక పొద్దున లేచి ఎడమ చెవికి గడియ పడినట్టుంది, మూసుకుపోయింది అన్నాడు. ఆవిరి పట్టమన్నాను. జలుబు పోయింది. ఇద్దరం చెవి సంగతి మరిచిపోయాం.

ఆ తర్వాత యాంప్లిఫయర్ ముందు కూర్చున్నప్పుడు, ఎడమ పక్క సన్నగా ఈల వస్తోందన్నాడు. ఎడమ స్పీకర్లో సౌండు కూడా తగ్గిందన్నాడు. నేను ఆ స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. నాకేమీ తెలియలేదు.

"నీకు కుక్కర్ ఈల తప్ప ఇంకే ఈలా వినపడదులేమ్మే" అని ఎగతాళి చేశాడు. నిజమేననుకున్నాను. రేడియో అంగడిలో పెరిగినవాడు, ఆయన చెవి వేరు. ఎడమ పక్క వాల్వు నీరసించి ఉంటుందని తేల్చుకున్నాం. మామ దాచిన పాత వాల్వుల పెట్టె ఒకటి పెనుకొండ అంగడి అటక మీద ఉండిపోయిందని ఆయనకు గుర్తొచ్చింది. ఎలాగూ సెలవులకు ధర్మవరంలో మా పుట్టింటికి పోవాల్సి ఉంది కాబట్టి, తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి తెచ్చుకుందామనుకున్నాం.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. ముందు గదంతా మగ్గమే. మా ఆయన మగ్గం పక్కన చాప మీద కూర్చుని ఉంటే నాయన నేస్తూనే ఏదో అడుగుతున్నాడు. మా ఆయన "ఆఁ?" అంటున్నాడు. నాయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ "ఆఁ?" అన్నాడు. నాయన చెయ్యి ఆపి, నా వైపు చూసి, ఆయనకు వినపడేలా గట్టిగా అన్నాడు.

"ఇన్నేండ్లు మగ్గం కాడ కూర్చున్యా. చెవుడు రావల్లంటే నాకు రావల్ల. అల్లునికేమొచ్చెనమ్మా?"

అందరం నవ్వాం. మా ఆయన కూడా నవ్వాడు. చెవికి గడియ పడిందని అప్పుడు చెప్పాడు. మా అమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి, గోరువెచ్చగా చెవిలో పోసి, దూది పెట్టింది. ఆ పూటకు హాయిగా ఉందన్నాడు.

తిరుగు ప్రయాణంలో చిన్నోడు రైల్లో వాళ్ళ నాయనకు ఎడమ పక్కన కూర్చున్నాడు. వాడికి ఒక అలవాటు ఉంది. ఏ రహస్యమైనా నాయనకే చెప్పాలి, అదీ చెవిలోనే. అరచెయ్యి అడ్డం పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలేలా చెప్తాడు. ఆ రహస్యాలు ఏముంటాయి, అవ్వ ఇచ్చిన బెల్లం అక్కకు పెట్టకుండా తిన్నాననో, బడిలో ఫలానావాడు ఏడ్చాడనో. ఆ రోజు కూడా మోకాళ్ళ మీద లేచి చాలాసేపు ఏదో చెప్పాడు. మా ఆయన బయట వేరుశనగ చేలు చూస్తూ ఉండిపోయాడు. వాడు కొంచెంసేపు ఎదురుచూసి, కిందికి జారి, కిటికీ ఊచకు ముఖం ఆనించుకున్నాడు. పెనుకొండలో దిగాక నా కొంగు పట్టుకుని, నాయనకు నా మీద కోపం వచ్చింది అన్నాడు. కోపం ఏమీ లేదు, అలసిపోయాడులే అని ఎత్తుకున్నాను.

అంగడిలో పెట్టె దొరికింది. ఇంటికి వచ్చి ఎడమ పక్క వాల్వులు మార్చాం. ఈల పోలేదన్నాడు. అప్పుడు నాకు కాలేజీలో నేర్చుకున్న పద్ధతి గుర్తొచ్చింది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చి చూడాలి. తప్పు దేనిలో ఉంటే దానితోపాటు అదీ పక్క మారుతుంది. ఆ సాయంత్రం పిల్లల్ని పక్కింటికి పంపి మొదలుపెట్టాను. వాల్వులు అటువి ఇటు పెట్టాను. ఈల ఎడమ పక్కే అన్నాడు. స్పీకర్ వైర్లు మార్చాను. ఎడమే అన్నాడు. స్పీకర్లనే ఎత్తి మార్చాం. ఎడమే. ఎడమ వైపు కిటికీ ఉంది, కిటికీ అవతల పక్కింటివాళ్ళ ఇన్వర్టర్ ఉంది. దాని మోతేమో చూద్దామని, కుర్చీ తిప్పి వెనక గోడవైపు కూర్చోమన్నాను. ఇప్పుడు కిటికీ ఆయనకు కుడి పక్కకు వచ్చింది. ఈల కిటికీ నుంచి వస్తూంటే కుడి చెయ్యి చూపించాలి.

ఎడమ చెయ్యే ఎత్తాడు.

అప్పుడే ప్లగ్గు పీకాను.

ఆయన వెనక్కి తిరిగి నా చేతిలో ప్లగ్గు చూశాడు. నేను దగ్గరికి పోయి, కుడి చెవి వేలితో గట్టిగా మూసుకొమ్మని, చిటికె వేస్తాను, వినపడితే చెప్పమన్నాను. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎడమ చెవి దగ్గర చిటికె వేశాను. మళ్ళీ వేశాను. ఇంకా దగ్గరగా, జుట్టుకు తగిలేంత దగ్గరగా వేశాను.

"ఎయ్యి. ఎందుకు ఆగినావు?" అన్నాడు.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. దాంతో ఆయనకు అర్థమైంది.

మరుసటి రోజే హిందూపురంలో చెవి డాక్టరు దగ్గరికి పోయాం. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి నరం దెబ్బతిందని, ఒక్కోసారి జలుబు తర్వాత ఉన్నట్టుండి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఈల బయటిది కాదని, వినికిడి పోయినప్పుడు లోపలే పుడుతుందని చెప్పాడు. ఎప్పుడు మొదలైందని అడిగాడు. చెప్పాం. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. మొదలైన వారంలోనే వచ్చుంటే మందుకు లొంగే అవకాశం ఎక్కువగా ఉండేదని, అప్పుడైనా ఖాయమేమీ కాదని, ఇప్పుడైనా ప్రయత్నిద్దామని అన్నాడు. ఆ రోజులన్నీ మేము వాల్వులు తుడుస్తూ, మారుస్తూ గడిపాం.

మాత్రలు ఇచ్చారు. చెవిలోకి సూదులు కూడా వేశారు. లోపల గడ్డ ఏమైనా ఉందేమో చూడాలని బెంగళూరుకు స్కానింగుకు పంపారు. ఆ మిషను బయట కూర్చున్నప్పుడు నేను దేవుడితో బేరమాడాను. చెవి తీసుకో, మనిషిని నాకు వదిలెయ్యి అన్నాను. గడ్డ లేదన్నారు. తిరుగు రైల్లో నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను తన కుడి పక్కకు మార్చుకుని, ఏమని ఏడుస్తాండావో చెప్పు, ఈ పక్కైతే వినపడుతుంది అన్నాడు. అప్పుడూ ఎగతాళే.

మందుల గడువు అయిపోయాక మళ్ళీ గాజు గదిలో పరీక్ష చేశారు. కాగితం మీద ఎడమ చెవి గీత ఎక్కడుందో అక్కడే ఉంది. ఇంక దీనికి మందు లేదని, ఈలకు మాత్రం మెల్లగా అలవాటు పడతారని డాక్టరు చెప్పాడు. బండి నడిపేటప్పుడు జాగ్రత్త అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయన యాంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. స్విచ్చు వేశాడు. హోరు లేదు, చిటపట లేదు. మేము అంత బాగా చేశాం దాన్ని. వాళ్ళ నాయన వినే పాత పాట ఒకటి పెట్టి చాలాసేపు విన్నాడు. బాగుందా అని అడిగాను, కుడి పక్కకు పోయి.

"బాగుండాది. అంతా ఒక్క చోటినుంచే వస్తాండాది, అంతే."

రెండు పక్కలదీ కలిపి కుడి స్పీకర్‌కే వచ్చేటట్టు చేస్తాను, పెద్ద పనేమీ కాదు, రెండు రెసిస్టర్లు చాలు అన్నాను. టంకం పెట్టె తేవడానికి లేచాను కూడా. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వద్దులే. మా నాయన రెండు పక్కలకీ చేసినాడు. పిల్లోళ్ళకు రెండు చెవులుండాయి గదా. వాళ్ళు వింటారు."

గీత అవతల పిల్లలు కూర్చుని ఉన్నారు. చిన్నోడు వాళ్ళ నాయన వైపు చూడటం లేదు. రైలు నాటినుంచి వాడు రహస్యాలు చెప్పడం మానేశాడు. మేము ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ వాడి సంగతి పట్టించుకోలేదు.

పొద్దున ఆయన డ్యూటీకి పోయాక ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టాను. గ్లాసుల్లో పాలు పోశాను. ఏం చెప్పాలో రాత్రంతా మనసులో అనుకున్నవేవీ నోటికి రాలేదు. నాయనకు ఎడమ చెవి వినపడదని చెప్పాను. ఎప్పుడు బాగవుతుందని పెద్దది అడిగింది. బాగు కాదమ్మా అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కుడి చెవి గురించి కూడా అడిగింది. అది బాగుందని చెప్పాను. రోడ్డు మీద నడిచేటప్పుడు నువ్వు నాయనకు ఎడమ పక్కనుండు, బండ్లు వస్తే చెయ్యి లాగు అని దానికి చెప్పాను. సరే అని తల ఊపింది.

చిన్నోడు గ్లాసులోకే చూస్తున్నాడు. వాడి గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి, వాడి కుడి చెవి ముట్టుకున్నాను.

"నాయనకు నీ మీద కోపం లేదురా. ఆ పొద్దు రైల్లో నువ్వు చెప్పింది ఆయనకు వినపడల్యా. సాయంత్రం వస్తాడు గదా, ఈ పక్కకు పోయి, ఇదో ఈ చెవిలో, మొదట్నుంచి మళ్ళా చెప్పు."