చీర అంచు రెండో కొస

తెలంగాణ రాష్ట్రం రాకముందు చిల్కానగర్‌లో మా పక్క పోర్షన్ పెద్దమ్మకు, భర్త పోయాక పెంపుడు పిల్లి ఒక్కటే తోడు. నాచారం ఫ్యాక్టరీల డ్యూటీలకు పోయేవాళ్లు అది ఎదురొచ్చిందని తిడుతుంటే, పాత చీర అంచు దాని మెడకు కట్టి, ఎండుచేప చూపిస్తూ పక్కన నడవడం నేర్పింది. ఎవరు కనబడినా "పట్టుకున్న, బిడ్డా, పో" అనేది.

నా మొదటి ఇంటర్వ్యూ రోజు ఆమెను చూసి అమ్మ నన్ను గేటు దగ్గరే ఆపింది.

"పిల్లిని పట్టుకున్న, చెల్లె, పంపియ్యి."

అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆపింది పిల్లిని చూసి కాదని పెద్దమ్మకు అర్థమైంది. బోసి నుదురు తడుముకుని లోపలికి వెళ్లింది. నేను తల వంచుకుని నడిచాను.

ఆ తర్వాత నేను బయల్దేరే వేళకు ఆమె గడప ముందు పిల్లి ఒక్కటే ఉండేది. చీర అంచు రెండో కొస మూసిన తలుపు వెనక, ఆమె చేతిలో ఉండేది.