తాత ఊరికి పోయిన నాలుగు ఓట్లు

మా ఇంటి నాలుగు ఓట్లనూ కోరుట్ల పట్టణం నుంచి కొడిమ్యాల వైపున్న మా తాత ఊరికి మార్పించిన మొనగాణ్ని నేనే. నేనూ, నా భార్యా, కొడుకూ, కోడలూ. చిల్లరగా ఎందుకని టోకున మార్పించాను. ఆ మండలం నుంచి జడ్పీటీసీగా నిలబడాలని నా కోరిక. పట్టణం ఓటుతో దానికి నిలబడటానికి లేదు. స్టీలు బిందె మీద పది రూపాయలు తగ్గించుకోలేని వాళ్లు గెలుస్తుంటే, గిన్నెల దుకాణంలో పుట్టి పెరిగిన నేను గెలవనా?

మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. ఆమె ఇల్లూ మా వాడలోనే. కౌన్సిలర్ కావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నది.

"నీ నాలుగు ఓట్లు నాకు గావాలె తమ్మీ. గీడ్నే ఉంచు."

"నాలుగు ఓట్లతోని గెలుస్తవా అక్కా? ఊకో."

నా ధైర్యమంతా ఆ సీటు చరిత్ర మీద. అది ఎవరికి రిజర్వు అవుతుందో ప్రతిసారీ మారుతుంది. ఓ అట్టముక్క మీద వరుసగా రాసుకున్నాను: ఒకసారి జనరల్, తర్వాత బీసీ మహిళ, తర్వాత ఎస్సీ, తర్వాత జనరల్ మహిళ. ఒకాయన ఒక పార్టీలో గెలిచి ఇంకో పార్టీలో పదవి ముగించాడు. ఏ పార్టీ గడిలో రాయాలో తోచక రెండింటిలోనూ రాశాను. ఎటు తిప్పి చూసినా ఈసారి బీసీ జనరలే. మేము బీసీలం. అంటే నేనే.

కండువాలు నేయించడానికి సిరిసిల్ల పోయాను. మా బామ్మర్దికి అక్కడ మరమగ్గాలున్నాయి. అట్టముక్క చూసి, మగ్గం ఆపి మరీ నవ్వాడు.

"బావా, గిది పాత జిల్లా లెక్క గదా. చందుర్తి, కోనరావుపేట మండలాలు మా సిరిసిల్ల దిక్కచ్చినయి, మీ తాత ఊరు జగిత్యాలల వడ్డది. జిల్లాలు పగిలినంక లెక్క మొదటికచ్చింది. దుకాణపోనివి, గంత మాత్రం ఎరుక లేదా?"

అన్నదమ్ములు వేరుపడితే కొత్త పుస్తకం తెరవాలని నాకు తెలియనిదా? జిల్లాలకూ అంతేనని తోచలేదు. "సూద్దాం తియ్యి" అని, కండువాల ఊసెత్తకుండా వచ్చేశాను.

జగిత్యాలలో రిజర్వేషన్ల జాబితా అతికించారు. బీసీ మహిళ. రెండుసార్లు చదివాను, పక్కాయనతో ఒకసారి చదివించాను. ఇంటికొచ్చి భార్యతో బేరం మొదలుపెట్టాను.

"నువ్వు నిలవడు. పనంత నేను జేస్త."

"మీ అక్క అడిగితే ఓట్లియ్యకపోతివి. ఇప్పుడు నా ఫోటో గోడలకు అతికిస్తవా? పో."

ఆమెను ఒప్పించేలోపే ఆ జాబితా చెల్లదన్నారు. కోర్టన్నారు, జీవో అన్నారు. జడ్పీటీసీ ఎన్నికే ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు చెప్పిన ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఈలోపు తాత ఊళ్లో సర్పంచ్ ఎన్నిక వచ్చింది. క్యూలో నిలబడి ఓటేశాను. ఎవరికేశానో ఆయన ముఖం ఇప్పటికీ చూడలేదు.

తర్వాత కోరుట్లలో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఓట్లు వెనక్కి తెచ్చుకుందామని పోతే గడువు దాటింది. అక్క నిలబడింది. ఆమె కోసం వాడంతా తిరిగాను. ఒక ముసలామె గడపలోనే నిలదీసింది.

"మరి నీ ఓటు యాడున్నది బిడ్డా?"

నవ్వి పక్కింటికి జరిగాను.

అక్క నాలుగు ఓట్లతో ఓడిపోయింది. మర్నాడు వాళ్లింటికి పోతే "తిన్నవా?" అని మాత్రమే అడిగింది.

మా నాలుగూ పడితే సమానమయ్యేది. గెలుపెవరిదో తేల్చడానికి చీటీ తీసేవారు. చీటీలో ఎవరి పేరొచ్చేదో నాకు తెలియదు. పైగా కోడలికీ అక్కకూ మాటల్లేవు. ఆ ఓటు తీసేస్తే మూడే, అప్పుడూ ఒక్క ఓటుతో ఓటమే. చూశారా, నా తప్పు ధరను కూడా బేరమాడి తగ్గిస్తున్నాను. నికరంగా చెప్పాలంటే, అక్క అడిగింది నాలుగు, నేనిచ్చింది సున్నా.